ఇంటి కంప్యూటరులో నెట్‌వర్కు కార్డు: డ్రైవరు ఎక్కనప్పుడు చేయవలసిన పనులు



మన బెంగుళూరు పేటలలో కంప్యూటరు లేని నేతయిల్లు నేడు అరుదు. అంచు, చెంగు, బుట్టా గీయుట దానిమీదనే. షావుకారుకు నమూనా పంపుట దానిమీదనే. ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టుకొనినవారు డిజైను ఫైలును కంప్యూటరులోనే సిద్ధము చేసి, పెన్‌డ్రైవు మీదనో, కొన్ని పెట్టెలకు నెట్‌వర్కు తీగమీదనో, మగ్గమునకు అందించుచున్నారు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినప్పటినుండి లెక్కల దాఖలు కూడ దానిమీదనే. నెలనెలా దాఖలు చేయువారికి 20వ తేదీ గడువు. తప్పినచో రోజుకు 50 రూపాయలు, అమ్మకము ఏమియు లేని నెలకైనను రోజుకు 20 రూపాయలు ఆలస్య రుసుము పడును. కావున కంప్యూటరుకు నెట్‌వర్కు అందకపోవుట అనగా నాడె ఆగిపోవుటయే.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు ముగిసినది. అప్పటినుండి మనలో పలువురు పాత విండోస్ తుడిచి కొత్తది వేయుటకో, వాడిన కంప్యూటరును కొనుటకో పూనుకొనుచున్నారు. వారిలో ఎక్కువమంది ఒకే చోట చిక్కుకొనుచున్నారు. విండోస్ చక్కగా ఎక్కును, తెర వెలుగును, కాని నెట్‌వర్కు మాత్రము ఉండదు. ఈ పాఠము వారి కొరకు.

నా ఇంట జరిగిన నష్టము

ముందుగా నా తప్పు చెప్పుకొనవలెను. మా ఇంటి కంప్యూటరులో నేనే పాత విండోస్ తుడిచి కొత్తది వేసితిని. నెట్‌వర్కు రాలేదు. విండోస్ సరిగా ఎక్కలేదని తలచి మరల తుడిచి మరల వేసితిని. మొదటిసారి విండోస్ ఉన్న భాగమునే తుడిచితిని. రెండవసారి తొందరలో డిస్కు అంతయు తుడిచితిని. మా తండ్రిగారు గళ్ళ కాగితముమీద గీసిన పాత అంచులను రెండు సంవత్సరములపాటు రాత్రులు కూర్చుండి కంప్యూటరులోనికి ఎక్కించి యుంటిని. వాటికి నకలు లేదు. అవి పోయినవి. నెట్‌వర్కు అప్పటికిని రాలేదు.

పిమ్మట ఒక అంగడికి తీసుకొనిపోగా, మదర్‌బోర్డు పోయినది, మార్చవలెను అనిరి. ఆ మాట విని ఇంటికి తెచ్చి రెండు రోజులు ఊరకుంటిని. ఈలోగా ఒక షావుకారు నమూనా అందలేదని ఆర్డరు మరియొకరికి ఇచ్చెను. ఆ వారము రెండు మగ్గములు ఖాళీగా నిలిచినవి.

మూడవనాడు మా అన్నగారి అమ్మాయి వచ్చి చూచి, "కార్డు బాగానే ఉంది చిన్నాయనా, దానికి డ్రైవరు లేదు, అంతే" అన్నది. తన ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించి, అరగంటలో పని ముగించినది. ఖర్చు ఏమియు లేదు.

కార్డు చెడలేదు, మదర్‌బోర్డు చెడలేదు. తెలియనితనము వలన చెడినది నా పని. ఆనాడు ఆ అమ్మాయివద్ద నేర్చుకొనినదియు, ఆపైన సంఘ కార్యాలయపు కంప్యూటరుమీదను, కొందరు సభ్యుల ఇండ్లలోను చేసి చూచినదియు ఇక్కడ వరుసగా వ్రాయుచున్నాను.

కార్డు అననేమి, డ్రైవరు అననేమి

కార్డు అనగానే మనకు జకార్డు అట్టలు గుర్తుకు వచ్చును. నెట్‌వర్కు కార్డు ఆ మాదిరిది కాదు. అది కంప్యూటరును తీగతోగాని, తీగలేని వై-ఫైతోగాని బయటి ప్రపంచమునకు కలుపు చిన్న యంత్రభాగము. ఈథర్నెట్ అను తీగ పద్ధతిని అమెరికాలో జిరాక్సు సంస్థ వారి పరిశోధనాలయములో 1973లో రాబర్టు మెట్‌కాఫ్ మొదలైనవారు రూపొందించిరి. 1983లో దానికి అందరు ఒప్పిన ప్రమాణము ఏర్పడినది. తొలిరోజులలో ఈ కార్డు విడి పలకగా వచ్చి కంప్యూటరు లోపలి గాడిలో దిగెడిది. నేడు చాలవరకు మదర్‌బోర్డులోనే కలిసి వచ్చుచున్నది. పేరు మాత్రము కార్డు అనియే నిలిచినది.

డ్రైవరు కంటికి కనబడు వస్తువు కాదు. అది ఒక చిన్న ప్రోగ్రాము. విండోస్ చెప్పు మాటను కార్డుకు తెలియునట్లు చెప్పుట, కార్డు చెప్పు మాటను విండోస్‌కు అందించుట దాని పని. జకార్డు పెట్టె బాగుండవచ్చును, పడుగు బాగుండవచ్చును. అట్టలు లేనిదే ఏ కొక్కెము లేవవలెనో పెట్టెకు తెలియదు గదా. అట్లే డ్రైవరు లేని కార్డు మంచిదైనను ఊరకుండును.

మరియొక పోలిక కూడ ఉన్నది. 240 కొక్కెముల పెట్టెకు కొట్టిన అట్టలు 120 కొక్కెముల పెట్టెకు పనికిరావు. అట్లే ఒక కార్డు డ్రైవరు మరియొక కార్డుకు పనికిరాదు. 32 బిట్ల విండోస్ డ్రైవరు 64 బిట్ల విండోస్‌కు ఎక్కదు. "ఏదో ఒక డ్రైవరు" అను మాట లేదు. ఏ కార్డో తెలిసికొని, ఏ విండోసో తెలిసికొని, దానికి తగినదే తేవలెను.

మొదటి పని: తీగను, దీపమును చూచుట

డ్రైవరును అనుమానించుటకు ముందు తీగను చూడుడు. కంప్యూటరు వెనుక తీగ దూర్చు రంధ్రమువద్ద సాధారణముగా రెండు చిన్న దీపములుండును. ఒకటి నిలకడగా వెలుగును, మరియొకటి రాకపోకలు జరుగునప్పుడు మినుకుమినుకుమనును. రెండును వెలగనిచో తీగను రూటరులోని మరియొక రంధ్రములో పెట్టి చూడుడు. ఆపైన తీగనే మార్చి చూడుడు. దీపము వెలుగుచుండియు నెట్‌వర్కు లేనిచో తీగ చాలవరకు మంచిదే, తప్పు లోపల ఉన్నది అని గ్రహింపవలెను.

తీగ కొసను మీరే కట్టుకొనినవారైనచో రంగుల వరుస చూచుకొనుడు. రంగుల పడుగు పోసినవారికి ఇది కష్టము కాదు. ప్లగ్గు కొక్కెమును వెనుకవైపునకు, రాగి పళ్ళను పైకి ఉంచి పట్టుకొనగా, ఎడమనుండి కుడికి వాడుకలోనున్న వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇందు 3వ పోగు, 6వ పోగు ఒక జంట. నడుమ నీలము జంట దూరును. చాలమంది ఆకుపచ్చను ఆకుపచ్చ ప్రక్కనే పెట్టి ఇక్కడనే తప్పుదురు. 100 మెగాబిట్ల వేగమునకు 1, 2, 3, 6 పోగులు చాలును. 1000 మెగాబిట్ల వేగమునకు ఎనిమిది పోగులును కావలెను. తీగ పొడవు 100 మీటర్లు మించరాదు.

వై-ఫై వాడువారు ఎయిర్‌ప్లేన్ మోడ్ పడియున్నదేమో చూడవలెను. కొన్ని ల్యాప్‌టాపులకు వై-ఫై ఆపు మీట ప్రక్కనో, కీబోర్డు పైవరుసలోనో ఉండును.

రెండవ పని: డివైస్ మేనేజర్ తెరచుట

తెరమీది స్టార్టు గుర్తుమీద మౌసు కుడిమీట నొక్కుడు. వచ్చిన వరుసలో డివైస్ మేనేజర్ అను దానిని ఎంచుడు. కంప్యూటరులోని భాగములన్నియు పట్టికగా కనబడును. ఇది మగ్గమును నఖశిఖ పర్యంతము చూపు అద్దము వంటిది. ఇందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ అను శీర్షికను, అదర్ డివైసెస్ అను శీర్షికను చూడుడు. నాలుగింటిలో ఏదో ఒక స్థితి కనబడును.

1. నెట్‌వర్క్ అడాప్టర్స్ క్రింద కార్డు పేరు ఉండి, ఏ గుర్తును లేదు. డ్రైవరు ఎక్కియున్నది. తప్పు తీగలోనో, రూటరులోనో, అమరికలోనో ఉన్నది.

2. కార్డు పేరుమీద క్రిందికి చూపు బాణపు గుర్తు ఉన్నది. కార్డును ఎవరో ఆపివేసిరి. దానిమీద కుడిమీట నొక్కి ఎనేబుల్ డివైస్ అను దానిని ఎంచిన చాలును.

3. అదర్ డివైసెస్ క్రింద పసుపుపచ్చ త్రికోణములో ఆశ్చర్యార్థకముతో ఈథర్నెట్ కంట్రోలర్ అనిగాని, నెట్‌వర్క్ కంట్రోలర్ అనిగాని ఉన్నది. మొదటిది తీగ కార్డు, రెండవది సాధారణముగా వై-ఫై కార్డు. కార్డు ఉన్నదని కంప్యూటరుకు తెలియును, డ్రైవరు లేదు. మా ఇంట జరిగినది ఇదియే. ఇది శుభసూచకము. యంత్రభాగము బ్రతికియున్నదన్నమాట.

4. ఎక్కడను కనబడలేదు. కార్డు బయోస్ అను మూల అమరికలో ఆపబడి యుండవచ్చును. విడి కార్డైనచో గాడిలో సరిగా కూర్చుండక యుండవచ్చును. లేదా నిజముగనే చెడి యుండవచ్చును. ఈ నాలుగవ స్థితిలో మాత్రమే కార్డు చెడినదను మాటకు చోటు కలదు.

విడి కార్డును తీసి మరల కూర్చోబెట్టవలసినచో కరెంటు తీగను గోడనుండి ఊడబెరికిన తరువాతనే కంప్యూటరు మూత తీయవలెను.

మూడవ పని: కార్డు ఇంటిపేరు కనుగొనుట

పసుపు గుర్తున్న పేరుమీద రెండుమార్లు నొక్కి, ప్రాపర్టీస్ కిటికీలో డీటైల్స్ అను చోటికి పోయి, హార్డ్‌వేర్ ఐడీస్ అను దానిని ఎంచుడు. ఒక పొడవైన వరుస కనబడును. అందులో వెన్ అను మూడక్షరముల తరువాత నాలుగు గుర్తులు, డెవ్ అను మూడక్షరముల తరువాత నాలుగు గుర్తులు ఉండును. మొదటి నాలుగును కార్డు ఇంటిపేరు, అనగా చేసిన సంస్థ. రెండవ నాలుగును ఆ కార్డు సొంత పేరు.

మనకు తరచు ఎదురగు ఇంటిపేర్లు ఇవి:

8086 అయినచో ఇంటెల్.
10ఇసి అయినచో రియల్‌టెక్.
14ఇ4 అయినచో బ్రాడ్‌కామ్.
168సి అయినచో ఆథెరోస్, నేడు క్వాల్‌కామ్ వారిది.
14సి3 అయినచో మీడియాటెక్.

యు.ఎస్.బి. రంధ్రములో పెట్టు చిన్న వై-ఫై ముక్కలకు వెన్, డెవ్ బదులు విడ్, పిడ్ అని ఉండును. విడ్ 0బిడిఎ అయినచో అది రియల్‌టెక్ వారిది.

ఈ ఎనిమిది గుర్తులను కాగితముమీద వ్రాసికొనుడు. ఫోనుతో ఫొటో తీసిన మరింత మేలు. పెట్టెమీది పేరును నమ్మరాదు. ఒకే పేరుతో అమ్ము ముక్కలలో లోపలి చిప్పు వేరువేరుగా ఉండుట కలదు. పైన సిల్కు మార్కు చూచి తృప్తిపడక లోపలి పోగును పరీక్షించుట మన వృత్తిధర్మమే గదా.

నాలుగవ పని: డ్రైవరు తెచ్చుకొనుట

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. డ్రైవరు ఇంటర్నెట్టులో దొరుకును. ఇంటర్నెట్టు రావలెనన్న డ్రైవరు కావలెను. ఈ గిరగిర తిరుగు చిక్కునుండి బయటపడుటకు మూడు మార్గములు.

ఒకటి: ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో కంప్యూటరుకు తగిలించి, ఫోను అమరికలలో హాట్‌స్పాట్ క్రిందనున్న యు.ఎస్.బి. టెదరింగ్ అను దానిని వేయుడు. ఫోను తానే ఒక నెట్‌వర్కు కార్డుగా పనిచేయును. నేటి విండోస్ దీనిని సాధారణముగా తనంతట తానే గుర్తించును. తీగ మాత్రము ఛార్జింగుతోబాటు సమాచారమును మోయునదై యుండవలెను. కొన్ని చవుక తీగలు ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చును. ఫోను వచ్చిన తరువాత సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ నడిపిన, పలుమార్లు అదియే కార్డు డ్రైవరును తెచ్చుకొనును.

రెండు: ప్రక్కయింటి కంప్యూటరులో డ్రైవరును దింపుకొని పెన్‌డ్రైవులో తెచ్చుకొనుట.

మూడు: కంప్యూటరుతో వచ్చిన సి.డి. ఉన్నచో అందు వెదకుట. పాత సి.డి.లోని డ్రైవరు పాత విండోస్‌కే తగినదై యుండవచ్చును.

ఎక్కడనుండి దింపవలెను? ల్యాప్‌టాపు అయినచో దానిని చేసిన సంస్థవారి చోటునుండి, ఆ మోడలు పేరుతో వెదకవలెను. కూర్చిన కంప్యూటరు అయినచో మదర్‌బోర్డు సంస్థవారి చోటు. అక్కడ లేనిచో ఇంటెల్, రియల్‌టెక్ మొదలగు కార్డు సంస్థల చోటు. మీ విండోస్ 32 బిట్లదో 64 బిట్లదో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అను చోట వ్రాసియుండును. విండోస్ 11 ఎల్లప్పుడు 64 బిట్లదే.

ఒక హెచ్చరిక. డ్రైవర్లన్నిటిని ఒక్క నొక్కుతో సరిచేయుదుమని పిలుచు ప్రకటనలు పెక్కు కనబడును. వాటిని నొక్కరాదు. వాటిలో కొన్ని డబ్బు అడుగును, కొన్ని అక్కరలేని ప్రోగ్రాములను లోపల చొప్పించును. కార్డు చేసినవారు డ్రైవరును ఉచితముగనే ఇత్తురు. దానికి డబ్బు కట్టవలసిన పని లేదు.

అయిదవ పని: ఎక్కించుట

దింపిన ఫైలు జిప్ మూట అయినచో ముందుగా దానిని విప్పవలెను. మూట విప్పకుండ లోపలి సెటప్‌ను నడిపిన పని సగములో ఆగును. విప్పిన ఫోల్డరులో సెటప్ అను ఫైలు ఉన్నచో దానిని నడిపి, ముగిసిన పిదప కంప్యూటరును రీస్టార్టు చేయుడు.

సెటప్ లేనిచో డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుమీద కుడిమీట నొక్కి, అప్‌డేట్ డ్రైవర్ ఎంచి, బ్రౌజ్ మై కంప్యూటర్ అను రెండవ దారిన పోయి, ఆ ఫోల్డరును చూపుడు. లోపలి ఫోల్డర్లలో కూడ వెదకుమను చిన్న గడిలో టిక్కు ఉండవలెను. తగిన డ్రైవరు అందులో ఉన్నచో విండోస్ తానే ఏరుకొనును.

షట్‌డౌన్ చేసి మరల వేయుట, రీస్టార్టు చేయుట ఒకటి కాదు. త్వరగా లేచుటకై విండోస్ షట్‌డౌన్ వేళ తన స్థితిలో కొంత దాచుకొనును. రీస్టార్టులో అట్లు దాచుకొనదు. డ్రైవరు ఎక్కించిన తరువాత రీస్టార్టునే చేయవలెను.

అప్పటికిని పసుపు గుర్తు పోనిచో దానిమీద రెండుమార్లు నొక్కుడు. జనరల్ అను చోట ఒక కోడు సంఖ్య కనబడును.

కోడు 28: డ్రైవరు ఎక్కలేదు. వేరొక కార్డుది తెచ్చియుందురు. గుర్తులు మరల సరిచూచుకొనుడు.

కోడు 22: కార్డు ఆపబడినది. ఎనేబుల్ చేయుడు.

కోడు 10: డ్రైవరు ఉన్నది గాని కార్డు మొదలు కాలేదు. అన్‌ఇన్‌స్టాల్ డివైస్ చేసి, కంప్యూటరును ఆపి, కరెంటు తీగను ఊడబెరికి ఒక నిమిషము ఉంచి, మరల వేసి, సంస్థవారి డ్రైవరును తిరిగి ఎక్కించుడు.

కోడు 43: కార్డు తనలో లోపమున్నదని తెలిపినది. పైవిధముగనే చేసి చూడుడు. యు.ఎస్.బి. ముక్క అయినచో రంధ్రము మార్చి చూడుడు.

కోడు 52: డ్రైవరుకు విండోస్ నమ్ము సంతకము లేదు. ఆ డ్రైవరును బలవంతముగా ఎక్కించుట మాని సంస్థవారి చోటునుండి మరియొకటి తెచ్చుకొనుడు.

నిన్నటివరకు బాగుండి విండోస్ అప్‌డేట్ తరువాత నెట్‌వర్కు పోయినచో ప్రాపర్టీస్ కిటికీలో డ్రైవర్ అను చోట రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీట ఉండును. అది పాత డ్రైవరును తిరిగి తెచ్చును. కంప్యూటరు కొంతసేపు నిదురించి లేచిన తరువాత మాత్రమే నెట్‌వర్కు పోవుచున్నచో, అక్కడనే పవర్ మేనేజ్‌మెంట్ అను చోట, కరెంటు ఆదాకై ఈ భాగమును ఆపవచ్చునను గడిలోని టిక్కు తీసివేయుడు.

డ్రైవరు ఎక్కియు నెట్‌వర్కు రానిచో

పసుపు గుర్తు పోయినది, అయినను ఏమియు తెరుచుకొనలేదు. అప్పుడు నెట్‌వర్కు అమరికలలో కంప్యూటరుకు వచ్చిన ఐ.పి. చిరునామా చూడుడు. అది 169.254 అని మొదలైనచో రూటరునుండి చిరునామా అందక కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకొనినదని అర్థము. డ్రైవరును ఇక కదపరాదు. రూటరును ఆపి వేయుడు, తీగ చూడుడు, చిరునామా తనంతట తానే తీసికొనునట్లు అమరిక ఉన్నదేమో చూడుడు. చిరునామా 192.168 అని మొదలైనచో మీకును రూటరుకును నడుమ దారి చాలవరకు బాగున్నది. బయటి లైను ఇచ్చినవారిని అడుగవలెను.

కార్డు నిజముగా చెడినదా?

మదర్‌బోర్డు మార్చవలెనని ఎవరైన చెప్పినచో ఒప్పుకొనుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవులో పెట్టి, దానినుండి కంప్యూటరును లేపి, అమర్చకుండ ప్రయత్నించి చూచు దారిని ఎంచుడు. అమర్చు దారిని ఎంచరాదు, డిస్కు తుడుచుకొనిపోవచ్చును. ఇది పలు కార్డుల డ్రైవర్లను తనతోనే తెచ్చును. అక్కడ నెట్‌వర్కు వచ్చినచో కార్డు బ్రతికియున్నదనుటకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు. అక్కడ రానంత మాత్రమున చెడినదని తీర్పు చెప్పరాదు, కొన్ని కార్డులకు అందులోను డ్రైవరు ఉండదు.

నిజముగా చెడినదని తేలినను మదర్‌బోర్డు మార్చనక్కరలేదు. యు.ఎస్.బి. రంధ్రములో తగిలించు నెట్‌వర్కు ముక్క కొన్ని వందల రూపాయలలో మన ఎస్.పి. రోడ్డులో దొరకును. కొనునప్పుడు దాని చిప్పు ఏదో, మీ విండోస్‌కు డ్రైవరు ఉన్నదో లేదో అడిగి కొనుడు. వాడిన కంప్యూటరు కొనువారు సొమ్ము చెల్లించుటకు ముందే డివైస్ మేనేజర్ తెరిపించి, పసుపు గుర్తులు లేవని కండ్లారా చూచి, నెట్‌వర్కు నడిపించి చూచుకొనుడు. పట్టు కొనునప్పుడు కండెను వెలుతురులో త్రిప్పి చూడకుండ కొనము గదా.

అన్నిటికంటె ముఖ్యము: తుడుచుటకు ముందు

ఇంతవరకు చెప్పినది జబ్బు వచ్చిన తరువాతి మందు. ఈ ఒక్కటి పాటించినచో జబ్బే రాదు.

మగ్గముమీద పడుగు అయిపోయినప్పుడు మనము పాత కొసలను అచ్చులోనుండి లాగివేయము. కొంచెము పడుగు మిగిల్చి, దానికే కొత్త పడుగును పోగుపోగుగా అతుకుదుము. తొందరపడి పాత కొసలు కోసి లాగివేసినచో వేల పోగులను తిరిగి జకార్డు కళ్ళలోను, అచ్చులోను ఒక్కొక్కటిగా ఎక్కించుకొనవలెను. ఈ సంగతి మన ఇంటి పిల్లలకు కూడ తెలియును. నలుబది యేండ్లు దాటిన నాకు కంప్యూటరు విషయమున తట్టలేదు. నేను పాత కొసలు కోసివేసితిని.

కావున పాత విండోస్ పనిచేయుచుండగనే ఈ అయిదు పనులు చేయుడు.

1. డిజైను ఫైళ్ళను, లెక్కలను రెండు చోట్ల నకలు పెట్టుడు. ఒకటి విడి డిస్కులోను, మరియొకటి ఇంటి బయట, బంధువుల ఇంటనో, ఇంటర్నెట్టు నిలువలోనో ఉండవలెను. నకలు తెరచి చూచిన తరువాతనే నకలు ఉన్నట్లు లెక్క.

2. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్కు కార్డు పేరును, వెన్, డెవ్ గుర్తులను కాగితముమీద వ్రాసి కంప్యూటరు మూతకు అంటించుడు.

3. వేయబోవు కొత్త విండోస్‌కు తగిన నెట్‌వర్కు డ్రైవరును ముందే దింపి, మూట విప్పి, పెన్‌డ్రైవులో ఉంచుడు. తీగ కార్డుది, వై-ఫై కార్డుది రెండును. మిగిలిన డ్రైవర్లను నెట్‌వర్కు వచ్చిన పిమ్మట తెచ్చుకొనవచ్చును. మొదట కావలసినది ఇది ఒక్కటే.

4. విండోస్ 11 వేయునప్పుడు మధ్యలో నెట్‌వర్కుకు కలుపుమని అడిగి ఆగుట కలదు. ఆ పెన్‌డ్రైవును దగ్గర ఉంచుకొనుడు. ఆ తెరమీద డ్రైవరు అమర్చు మీట కనబడినచో దానిని నొక్కి పెన్‌డ్రైవును చూపుడు.

5. విండోస్‌ను ఎక్కడ వేయవలెనని అడుగు తెరమీద డిస్కు భాగములు వరుసగా కనబడును. డిజైనులున్న భాగము ఏదో పరిమాణమును బట్టి గుర్తించి, దానిమీద చేయి వేయకుడు. సందేహమున్నచో ఆ పని ఆనాటికి ఆపుడు. తుడిచిన దానిని తిరిగి తెచ్చుట మన చేతిలో లేదు.

నెట్‌వర్కు రాలేదని విండోస్‌ను మరల మరల తుడిచి వేయుట వలన ఎన్నడును లాభము లేదు. మొదటిసారి లేని డ్రైవరు రెండవసారియు లేకనే యుండును.

అంగడికి పోవునప్పుడు

అంగడివారందరు మోసగాండ్రు కారు. మనకు ఏమియు తెలియదని తెలిసినప్పుడు వారు తమకు తోచినది చెప్పుదురు. "నెట్టు రావటము లేదు" అని మాత్రమే చెప్పిన వారేమి చేయగలరు? "ఈథర్నెట్ కంట్రోలర్ మీద పసుపు గుర్తున్నది, కోడు 28, ఇవిగో గుర్తులు" అని కాగితము చేతికిచ్చినచో మాట మారును, ఖర్చును మారును. డిస్కులో డిజైనులున్నవి, తుడవరాదు అని వ్రాసి ఇచ్చి, రసీదు తీసికొనుడు. నకలు లేకుండ డిస్కును ఎవరి చేతికిని ఇయ్యకుడు.

సభ్యులలో ఎవరికైన ఈ పని తోచనిచో గుర్తులు వ్రాసిన కాగితమును, ఒక ఖాళీ పెన్‌డ్రైవును తీసికొని సంఘ కార్యాలయమునకు రండు. కార్యాలయపు కంప్యూటరులో తగిన డ్రైవరును దింపి ఇత్తుము. ఇంట చదువుకొనుచున్న ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నచో వారినే పంపుడు. వారు ఒకమారు చూచిన చాలును, మనము పదిమార్లు చూడవలెను.

మా తండ్రిగారి గళ్ళ కాగితములలో కొన్ని పెట్టెలో మిగిలియున్నవి. ఈ ఉగాదినుండి వాటిని తిరిగి ఎక్కించుచున్నాను. ఈసారి ప్రతి ఆదివారము రెండు నకళ్ళు తీయుచున్నాను. కాగితము లేని అంచులు మాత్రము ఇక రావు. మీ ఇంటి అంచులకు ఆ గతి పట్టకుండవలెననియే ఇంత వ్రాసితిని.

ఇట్లు,
మీ విధేయుడు,
కార్యదర్శి